తక్కువ ధరలో మంచి లీవర్ యాక్షన్ రైఫిల్ ఏది?

అమెరికాలోని దట్టమైన అడవుల్లో, నూట యాభై గజాలు మించని దూరంలో జింకలను వేటాడేందుకు పెట్టిన డబ్బుకు తగిన లీవర్ యాక్షన్ రైఫిల్ (ట్రిగ్గర్ దగ్గరి లీవర్‌ను కిందికి లాగి పైకి నెడితే తర్వాతి తూటా ఎక్కేది) కావాలంటే, .30-30 అనే రకం తూటా పేల్చే పాత మార్లిన్ 336ను ముందుగా వెతకడం మేలని నా అభిప్రాయం. 1948లో వచ్చిన ఈ రైఫిల్‌లో పేలిన తూటా తొడుగు పక్కకు పడుతుంది కనుక పైన టెలిస్కోప్ బిగించడం సులభం. పాత వించెస్టర్ 94లో అది నేరుగా పైకి ఎగరడం వల్ల ఆ వీలు లేదు, పైగా 1964కు ముందు తయారైన వాటి ధరను సేకరణకర్తలు బాగా పెంచేశారు.

మార్లిన్ సంస్థ రెమింగ్టన్ అనే మరో తుపాకీ కంపెనీ చేతికి వెళ్ళిన తొలి ఏళ్ళలో పనితనం దిగజారిందన్న పేరుంది. అందువల్ల గొట్టంపై 'జేఎం' అన్న, రెమింగ్టన్‌కు ముందరి పాత మార్లిన్ ముద్ర ఉన్నదానినే ఎంచుకుని, గొట్టం లోపల తుప్పు పట్టిందా, ముందరి గురిముక్కు నిటారుగా ఉందా, లీవర్ వదులైందా అని స్వయంగా పరిశీలించాలి. 2020లో మార్లిన్‌ను కొన్న రూగర్ కంపెనీ తయారుచేస్తున్నవి నాణ్యమైనవే కాని చవకైనవి కావు.

కొత్తదే కావాలనుకుంటే బ్రెజిల్‌లో తయారయ్యే రోసీ ఆర్92ను .357 మాగ్నమ్ తూటా రకంలో తీసుకోవచ్చు, అందులోనే పేలే చవకైన .38 స్పెషల్ తూటాలతోనూ సాధన చేయవచ్చు, అయితే జింకపై దాని పరిధి నూరు గజాలలోపే.