ధూపం వేస్తే అలారం మోగుతోంది, ఏం చేయాలి?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో మూడు పొగ గురించే. మార్గశిర లక్ష్మివారాలు, క్రిస్మస్ కొవ్వొత్తులు, కొరాపుట్ చలి ఒకేసారి వచ్చే రోజులు కాబట్టి మూడింటికీ కలిపి జవాబిస్తున్నాను.

"మాది బరంపురంలో అపార్ట్‌మెంట్. మా అబ్బాయి ఆన్‌లైన్‌లో వైఫై స్మోక్ అలారం కొని హాల్లో బిగించాడు. అగరబత్తి వెలిగిస్తే ఏమీ అనదు. లక్ష్మివారం పూజలో ధూపం వేస్తే మాత్రం మోగుతుంది. భువనేశ్వర్‌లో ఉన్న వాడి ఫోన్‌కు అలర్ట్ వెళ్తుంది, వాడు టెన్షన్ పడి ఫోన్ చేస్తాడు. సెన్సర్ పాడైందా? యాప్‌లో సెన్సిటివిటీ తగ్గించుకోవచ్చా? ప్రస్తుతానికి పూజ రోజు దానికి ప్లాస్టిక్ కవరు కడుతున్నాం." – ఒక గృహిణి, బరంపురం

సెన్సర్ పాడవలేదండీ, చక్కగా పనిచేస్తోంది. ఇళ్లలో వాడే బ్యాటరీ అలారాల్లో చాలావరకు ఫొటోఎలక్ట్రిక్ రకం. లోపల చిన్న చీకటి అర ఉంటుంది. అందులో ఒక ఎల్ఈడీ, దాని వెలుగు నేరుగా పడని కోణంలో ఒక లైట్ సెన్సర్ ఉంటాయి. పొగ లోపలికి దూరితే వెలుగు ఆ రేణువులకు తగిలి చెదిరి, కొంత సెన్సర్ మీద పడుతుంది. అది హద్దు దాటితే మోత మొదలు. పరుపు కాలుతోందా, సాంబ్రాణి కాలుతోందా అన్నది దానికి తెలియదు. పైగా మంట లేకుండా రాజుకునే పొగను తొందరగా పట్టేది ఈ రకమే. నిప్పుల మీద సాంబ్రాణో ఝుణానో (ఒడిశాలో ధూపానికి వాడే చెట్టు బంక) చల్లితే వచ్చేది సరిగ్గా అలాంటి పొగ. ఒక్క అగరబత్తి పొగ గదిలో కలిసి పలచబడిపోతుంది కాబట్టి ఊరుకుంటోంది. అదే బత్తిని అలారం కిందే పెడితే మోగవచ్చు.

కవరు కట్టడం మాత్రం ఈరోజే మానేయండి. దీపాలు, కర్పూరం, నిప్పులు, పట్టుచీర కొంగులు, కర్టెన్లు అన్నీ ఒకచోట చేరేది పూజ రోజే. ఇంట్లో అలారం అన్నిటికన్నా ఎక్కువ అవసరమైన రోజున దాని ముక్కు మూస్తున్నారు. ప్రసాదాలు, పేరంటాల హడావిడిలో ఆ కవరు తీయడం ఎవరికీ గుర్తుండదు. రాత్రి అందరూ పడుకున్నాక కూడా అది అలాగే ఉంటుంది. బ్యాటరీ తీసి పక్కన పెట్టడమూ ఇంతే.

సెన్సిటివిటీ మార్చే వీలు చాలా ఇంటి అలారాల్లో ఉండదు. మీ యాప్‌లో ఉన్నా ముట్టుకోకండి. దానికి బదులు టెస్ట్ బటన్ చూడండి. చాలా మోడళ్లలో మోగుతున్నప్పుడు అదే బటన్ నొక్కితే సుమారు పది నిమిషాలు ఊరుకుని, మళ్లీ దానంతటదే కాపలాకు వస్తుంది. కొన్నిటిలో యాప్ నుంచి కూడా ఆపవచ్చు. అయితే ఇంట్లో ఎవరో ఒకరు అది ధూపం పొగేనని కళ్లారా చూశాకే ఆపాలి, భువనేశ్వర్ నుంచి ఊహించి కాదు.

అసలు పరిష్కారం దూరం, గాలి. అలారాన్ని పూజ గది గుమ్మం నుంచి కనీసం మూడు మీటర్లు జరిపి, పడకగదుల వైపు సీలింగ్‌కు బిగించండి. వంటింటి పొయ్యికీ అంతే దూరం ఉండాలి. ధూపం వేసే ముందే కిటికీ తెరవండి. సీలింగ్ ఫ్యాన్ పొగను హాలంతా తిప్పుతుంది, ఆ కాసేపు ఆపండి. హారతి అయ్యాక ధూపం పాత్రను బాల్కనీలోకి, గాలి ఆడే చోటికి తీసుకెళ్లండి. కర్పూరం మసి, దుమ్ము, చిన్న పురుగులు లోపల చేరినా అలారం ఊరికే మోగుతుంది. అప్పుడప్పుడు మెత్తని బ్రష్‌తో బయటి జాలీ తుడవండి. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కండి. నిమిషానికోసారి 'కీచ్' మంటే చాలావరకు బ్యాటరీ అయిపోతోందని అర్థం. పదేళ్లు దాటితే అలారమే మార్చాలి.

ఇంకో మాట. కరెంటు పోతే రూటర్ ఆగి, ఫోన్‌కు అలర్ట్ వెళ్లకపోవచ్చు. సైరన్ మాత్రం బ్యాటరీతో మోగుతూనే ఉంటుంది. యాప్ ఉందన్న ధీమాతో సైరన్ వినబడని మూలన బిగించకండి.

"పర్లాకిమిడిలో ఉంటాం. క్రిస్మస్‌కు ఇంట్లో కొవ్వొత్తులు వెలిగిస్తాం. ప్రార్థన అయ్యాక ఆర్పేటప్పుడే అలారం మోగుతుంది, వెలుగుతున్నంతసేపూ ఏమీ ఉండదు. ఎందుకు?"

నిలకడగా వెలిగే కొవ్వొత్తి నుంచి పొగ చాలా తక్కువ. ఊదగానే లేచే తెల్లటి పొగ కాలకుండా మిగిలిన మైనపు ఆవిరి, అలారానికి అదే దట్టంగా కనిపిస్తుంది. ఊదకుండా, చెంచా కాడతో వత్తిని కరిగిన మైనంలో ముంచి మళ్లీ నిలబెట్టండి, పొగ దాదాపు రాదు. వెలిగించే ముందు వత్తిని ఆరు మిల్లీమీటర్ల వరకు కత్తిరిస్తే మసీ తగ్గుతుంది. కిటికీ కర్టెన్ల దగ్గర, పిల్లలు తిరిగే చోట పెట్టాల్సివస్తే బ్యాటరీ ఎల్ఈడీ కొవ్వొత్తులు కొనుక్కోండి.

"మాది సెమిలిగుడ దగ్గర. చలికి రాత్రి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటాం. నిప్పులు బాగా ఎర్రబడి పొగ పోయాకే లోపలికి తెస్తాం. స్మోక్ అలారం కూడా ఉంది, ఎప్పుడూ మోగలేదు. భయం లేనట్టేనా?"

దయచేసి ఈ రాత్రి నుంచే ఆపండి. పొగ లేని ఎర్రటి నిప్పుల నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, తల తిరగడం, వాంతులతో మొదలై స్పృహ పోతుంది. నిద్రలో ఉన్నవాళ్లకు ఆ లక్షణాలు తెలిసే అవకాశమే తక్కువ. స్మోక్ అలారం చూసేది రేణువులను, ఈ వాయువును కాదు. అందుకే అది మోగలేదు. తలుపులు మూసిన గదిలో సాంబ్రాణి నిప్పులు వదిలేసినా ఇదే ప్రమాదం.

ఈ వాయువును పట్టడానికి ఎలక్ట్రోకెమికల్ సెన్సర్ ఉన్న వేరే అలారం కావాలి. పెట్టె మీద కార్బన్ మోనాక్సైడ్ అని స్పష్టంగా ఉందో లేదో చూసి కొనండి. ఎల్పీజీ లీక్ డిటెక్టర్ దీనికి పనికిరాదు, రెండూ ఒకటేనని షాపులో చెప్పినా నమ్మకండి. కొన్నాక కూడా కుంపటి పక్కన నిద్రపోవద్దు. పడుకునే ముందే నిప్పులు బయట పెట్టి, కాసేపు తలుపులు తీసి ఉంచి, రగ్గులతో సరిపెట్టుకోండి. గదిలో ఒకరి కన్నా ఎక్కువ మందికి ఒకేసారి తలనొప్పి, వికారం వస్తే కారణం వెతుకుతూ కూర్చోకండి. అందరినీ బయటి గాలిలోకి తెచ్చి 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.