ఇల్లు ఖాళీ అయింది సరే, కార్డు బకాయి సంగతి?

ప్రశ్న: మా ఇద్దరి జీతాలు కలిపి నెలకు రూ.92,000. అద్దె రూ.16,000. బట్టలనీ, ఇంటి సామాననీ ఆన్‌లైన్‌లో నెలకు రూ.14,000 దాకా పోతోంది. క్రెడిట్ కార్డులో రూ.40,000 బకాయి ఉంది, కనీస మొత్తమే కడుతున్నాం. తక్కువ వస్తువులతో బతకాలని ఈమధ్య సగం సామాను ఇచ్చేశాను. పాత డబ్బాలు తీసేసి, వంటింట్లోకి ఒకేలాంటి గాజు సీసాలు కొన్నాను. అయినా డబ్బు మిగలడం లేదు. పొరపాటు ఎక్కడ?
- ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: గాజు సీసాల దగ్గరే. పాత స్టీలు డబ్బాల్లో కందిపప్పు బాగానే ఉండేది కదా! ఉన్నవి ఇచ్చేస్తే ఇల్లు విశాలమవుతుంది గానీ, ఖాతాలో రూపాయి పెరగదు. కొత్తవి కొనడం తగ్గాలి.

ముందు కార్డు సంగతి. చాలా కార్డులపై వడ్డీ నెలకు 3.5 శాతం దాకా ఉంటుంది. ఆ లెక్కన రూ.40,000కు నెలకు రూ.1,400, దానిమీద 18 శాతం జీఎస్‌టీ మరో రూ.252. ఇంకో మెలిక ఉంది. బకాయి మొత్తం కట్టనంత కాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీలేని గడువు ఉండదు. ఇవాళ రూ.300 పెట్టి దువ్వెనల సెట్టు కొన్నా వడ్డీ ఇవాళ్టి నుంచే. అందుకే ఆ కార్డును షాపింగ్ యాప్‌లన్నిటి నుంచీ తీసేయండి. షాపింగ్‌కు పోయే రూ.14,000లో పదివేలు బకాయికి మళ్లిస్తే, దానిమీద కొత్తగా ఏమీ కొనకపోతే, ఐదో నెలలో తీరిపోతుంది.

‘నో కాస్ట్ ఈఎంఐ’ (వడ్డీ లేని వాయిదాలు) అనే పేరు చూసి కూడా మోసపోకండి. రూ.30,000 ఫోన్‌ను 15 శాతం వడ్డీతో ఆరు నెలల వాయిదాల్లో తీసుకున్నారనుకోండి. సుమారు రూ.1,270 వడ్డీని ముందే ధరలో డిస్కౌంటుగా తగ్గిస్తారు, వాయిదాల్లో మళ్లీ వసూలు చేస్తారు. ఆ వడ్డీపై జీఎస్‌టీ రూ.229, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం మీ మీదే పడతాయి.

ఇప్పుడు బీరువా తెరిచి, ఫాల్ కూడా కుట్టించని చీరలు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. మా ఇంట్లో నాలుగు తేలాయి, అందులో రెండు నేను కొనిచ్చినవే. ఆషాఢం తగ్గింపులో రూ.1,200కు వచ్చిన చీరకు ఫాల్, పీకో, జాకెట్టు కుట్టుకూలి కలిపితే రెండు వేలకు చేరడం పెద్ద విషయం కాదు. తగ్గింపు చూసి కొన్న చీర, కుట్టుకూలి చూసి బీరువాలో ఆగిపోతుంది. అందుకే కొనే ముందు పై ఖర్చులు కూడా కలిపి చూడండి.

కావాలనిపించిన వస్తువు పేరు, తేదీ ఓ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. పదిహేను రోజుల తర్వాత కూడా దాని అవసరం కనిపిస్తే కొనుక్కోండి. ‘ఇంక రెండే మిగిలాయి’ అని యాప్ తొందరపెడుతుంది. ఇలా లేని తొందర పుట్టించడం, అడగని వస్తువును కార్ట్‌లో వేయడం లాంటి 13 ఎత్తుగడలను కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరు మార్గదర్శకాల్లో నిషేధించింది. మీకు ఎదురైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. ఇక రూ.30 డెలివరీ ఛార్జీ తప్పించుకోవడానికి రూ.120 బిస్కెట్లు కొనే అలవాటు ఉంటే, ఆ ముప్పై కట్టేయడమే చవక.

బకాయి తీరాక ఆ పదివేలను ఖాతాలో ఉంచొద్దు, ఉంటే ఖర్చయిపోతుంది. జీతం పడిన మర్నాడే రికరింగ్ డిపాజిట్‌కు (నెలనెలా కొంత జమచేసే పొదుపు ఖాతాకు) వెళ్లేలా పెట్టండి. మూడు నెలల ఇంటి ఖర్చులకు సరిపడా పోగయ్యాక మ్యూచువల్ ఫండ్ల గురించి మళ్లీ రాయండి.

గాజు సీసాలు ఎలాగూ కొన్నారు, వాడుకోండి. వాటిని కూడా ఎవరికో ఇచ్చేయకండి.