ఎంబీబీఎస్ చదువుతూనే ఊళ్ళో ఆరోగ్య సర్వే చేసి పేపర్ వేయడం: నా అనుభవం

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. వరంగల్‌లో ఎంబీబీఎస్ రెండో సంవత్సరం చదువుతున్నారు. నలుగురు స్నేహితులు కలిసి ఒక ఊళ్ళో సర్వే చేసి జర్నల్‌లో పరిశోధన పేపర్ వేయాలనుకుంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. అది పీజీ సీటుకు పనికొస్తుందా అన్నది రెండోది. డబ్బు కడితే పది రోజుల్లో అచ్చు వేస్తామని మెయిల్ పెట్టిన జర్నల్‌ను నమ్మవచ్చా అన్నది మూడోది.

చివరిదానికి ముందు చెప్తాను. నమ్మకండి, డబ్బు కట్టకండి. ఎందుకో కింద రాశాను. పీజీ సంగతికొస్తే, నీట్ పీజీలో ర్యాంకు పరీక్ష మార్కులతోనే వస్తుంది. పేపర్లకు అక్కడ ఒక్క మార్కు కూడా కలవదు. సీటు కోసమే అయితే ఆ టైమ్ చదువుకే పెట్టండి, తప్పేం లేదు. జనం ఆరోగ్యం గురించి మీకు నిజంగా ఒక ప్రశ్న ఉంటే మాత్రం మిగతాది చదవండి.

నేనూ వరంగల్‌లోనే చదివాను, ఇప్పుడు ఎస్‌పీఎంలో, అంటే జనం ఆరోగ్యాన్ని చూసే సోషల్ అండ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో, పీజీ చేస్తున్నాను. మా అమ్మమ్మది కోరుట్ల వైపు ఊరు. ఆ వైపు ఏ వాడకు పోయినా మధ్యాహ్నం అరుగుల మీద ఆడవాళ్ళు చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతూ కనిపిస్తారు. నానబెట్టిన తునికాకును కత్తెరతో కొలతకు కోసి, అందులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, కొస మడుస్తారు. చిన్నప్పుడు సెలవుల్లో అమ్మమ్మ పక్కన కూర్చుంటే కాసేపటికే ముక్కు మండేది. ఆమె మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే ఉండేది. మూడో సంవత్సరంలో ఎస్‌పీఎం క్లాసులో వృత్తి వ్యాధుల పాఠం విన్నప్పుడు నాకు ఆ అరుగే గుర్తొచ్చింది. బీడీలు చుట్టే ఆడవాళ్ళ ఊపిరి, నడుము ఎలా ఉన్నాయో చూద్దామని నలుగురం అనుకున్నాం.

మొదటి తప్పు అక్కడే చేశాం. దసరా సెలవులు దగ్గర పడ్డాయని, ఎథిక్స్ కమిటీ అనుమతి రాకముందే ఊరికి వెళ్ళి నలభై మూడు ఫారాలు నింపుకొచ్చాం. గైడ్ మేడమ్ అవి చూసి, కోప్పడకుండానే, "ఇవి వాడలేం" అన్నారు. ముందు డేటా తీసి తర్వాత అనుమతి తెచ్చుకోవడం కుదరదు. దేశంలో వైద్య పరిశోధన చూసే సంస్థ ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాలు దీనిలో చాలా స్పష్టంగా ఉన్నాయి. మనుషుల మీద చేసే పరిశోధనకు ముందే కమిటీ చూడాలి. ఏం అడుగుతున్నామో, ఎందుకో వాళ్ళకు వాళ్ళ భాషలోనే చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. చదువురాని వాళ్ళయితే, మనకు సంబంధం లేని చదువుకున్న సాక్షి ఎదుట వేలిముద్ర వేయించుకోవాలి. ఆ నలభై మూడు మందీ తమ పని ఆపుకొని మాతో మాట్లాడారు. వాళ్ళ టైమ్ వృథా చేశామన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. మీరు ఆ పని చేయకండి.

అయితే ఆ ఫారాలు ఒక మేలు చేశాయి. "మీకు ఆయాసం వస్తుందా?" అన్న ప్రశ్నకు దాదాపు అందరూ లేదనే చెప్పారు. నాకు అనుమానం వచ్చి అమ్మమ్మను అడిగాను. ఆయాసమంటే ఏందని ఆమె నన్నే తిరిగి అడిగింది. మేం ప్రశ్నలు ముందు ఇంగ్లీషులో రాసుకొని, తర్వాత తెలుగు పుస్తకాల్లోని మాటల్లోకి మార్చాం. ఆ ఊళ్ళో దాన్ని దమ్ము అంటారు. అనుమతి వచ్చాక మళ్ళీ వెళ్ళినప్పుడు "మెట్లెక్కితే దమ్ము వస్తదా పెద్దమ్మా?" అని అడిగితే, "మెట్లేంది బిడ్డా, చెంబు నీళ్ళు తెచ్చుకుంటేనే దమ్ము" అని చెప్పినవాళ్ళున్నారు. ఒక్క మాట మార్చగానే జవాబులు తిరగబడ్డాయి. పాత ఫారాలతోనే పేపర్ రాసి ఉంటే, బీడీ పనికీ ఊపిరికీ ఏ ఇబ్బందీ లేదని అచ్చులో అబద్ధం చెప్పేవాళ్ళం.

అందుకే మొదలు పెట్టాల్సింది ప్రశ్నల దగ్గర. అసలు సర్వేకు ముందు, అందులో కలపని ఓ పది మంది దగ్గర కూర్చొని ప్రశ్నలు అడిగి చూడండి. వాళ్ళకు ఏం అర్థమైందో వాళ్ళ నోటితోనే చెప్పించుకోండి. "రోజుకు ఎన్ని గంటలు పని చేస్తారు?" అంటే మాకు జవాబు రాలేదు. వంట, పిల్లలు, బీడీ అన్నీ కలిసి నడుస్తుంటే గంటలు ఎవరు లెక్కపెడతారు? "రోజుకు ఎన్ని చుడతరు?" అంటే మాత్రం వెంటనే చెప్తారు. ఒకరు ఐదు వందలు, ఒకరు వెయ్యి. కూలీ కట్టేది వెయ్యికి ఇంత అని కాబట్టి ఆ లెక్క వాళ్ళ నాలుక మీద ఉంటుంది. ఎన్నేళ్ళుగా అన్నది కూడా అంతే. సంవత్సరం అడగొద్దు, పెద్దబిడ్డ పుట్టకముందా తర్వాతా అని అడగాలి.

మన ప్రాంతంలో సర్వే అంటే ఇంకో చిక్కుంది. 2014 ఆగస్టు 19న జరిగిన సమగ్ర కుటుంబ సర్వే మొదలు, కాగితం పట్టుకొని ఎవరు వచ్చినా ప్రభుత్వం నుంచే వచ్చారనుకుంటారు. మేం వెళ్ళగానే ఆధార్ కార్డులు తెచ్చి చేతిలో పెట్టేవాళ్ళు. బీడీ కార్మికులకు పీఎఫ్ ఆధారంగా 2015లో వెయ్యి రూపాయల ఆసరా పింఛను మొదలైంది, 2019లో అది 2,016 అయింది. కాబట్టి "ఇది పించిని కోసమా?" అన్న ప్రశ్న ప్రతి ఇంట్లో ఎదురైంది. పింఛను ఆశ ఉన్నచోట జబ్బు కొంచెం ఎక్కువ చేసి చెప్తారు. ఉన్నది పోతుందేమోనన్న భయం ఉంటే దాచేస్తారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. పొట్టకు సంబంధించిన విషయం. మేం ఆధార్ ముట్టుకోవడం మానేశాం. కాలేజీ ఐడీ చూపించి, దీనికీ పింఛనుకూ సంబంధం లేదని, పేరు ఎక్కడా రాయమని ముందే చెప్పి, కాసేపు వేరే మాటలు మాట్లాడాకే ఫారం తీసేవాళ్ళం. ఒక్కో ఇంటికి టైమ్ రెట్టింపు పట్టింది.

ఎంతమందిని అడగాలన్నదానికి పెద్ద లెక్క అక్కర్లేదు. ఎస్‌పీఎంలో నేర్పే 4పీక్యూ బై డీ స్క్వేర్ చాలు. పీ అంటే సమస్య ఉన్నవాళ్ళ శాతం, క్యూ అంటే లేనివాళ్ళ శాతం, డీ అంటే మనం ఒప్పుకునే తేడా. సమస్య ఎందరిలో ఉందో ముందు తెలియకపోతే సగం మందిలో ఉందనుకుంటాం. అప్పుడు 5 శాతం తేడా వరకు ఫర్వాలేదంటే 400 మంది కావాలి, 10 శాతం తేడా ఒప్పుకుంటే 100 మంది చాలు. నలుగురు విద్యార్థులు సెలవుల్లో చేయగలిగింది ఎంతో నిజాయితీగా చూసుకొని అంతే పెట్టుకోండి. ఇళ్ళు ఎంచుకోవడంలో మాత్రం జాగ్రత్త. బస్టాండ్ దగ్గరి ఇళ్ళు, చుట్టాల ఇళ్ళు అయితే తేలికే, కానీ అది ఊరు కాదు. ఆశ కార్యకర్త దగ్గర ఇళ్ళ లిస్టు ఉంటుంది. మెడికల్ ఆఫీసర్ అనుమతితో అది తీసుకొని చీటీలు వేసుకోండి.

బీపీ చూసే పనైతే ముందే పీహెచ్‌సీతో మాట్లాడుకోండి. రెండో రోజు ఒకామెకు 190/110 వచ్చింది. మిషన్ తప్పేమో అని పది నిమిషాలాగి మళ్ళీ చూశాం, అంతే ఉంది. ఆమె నవ్వుతూ చాట ముందుకు లాక్కొని ఆకు కోస్తోంది, తలనొప్పి రోజూ ఉండేదే అంటోంది. మేం సర్వే ఆపేసి, ఆమె కోడలిని పిలిచి, ఆటోలో పీహెచ్‌సీకి తీసుకెళ్ళాం. కనిపెట్టాక రాసుకొని వచ్చేయడానికి వీల్లేదు. ఎవరిని ఎక్కడికి పంపాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది ప్రోటోకాల్‌లోనే, అంటే కమిటీకి ఇచ్చే పని ప్రణాళికలోనే, రాసి పెట్టుకోవాలి.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువ మార్చిన విషయం చెప్తాను. ఒక ఇంట్లో అత్తాకోడళ్ళు ఒకే అరుగు మీద కూర్చున్నారు. కోడలు చుడుతోంది, అత్త ఊరికే కూర్చుంది. మా రూల్ ప్రకారం ఇప్పుడు బీడీలు చుడుతున్నవాళ్ళనే తీసుకోవాలి. కోడలిని అడిగి ఫారం మడిచి లేస్తుంటే అత్త అంది: "నన్నెందుకు రాయవు బిడ్డా?" మీరిప్పుడు చుట్టడం లేదు కదమ్మా అన్నాను. "ముప్పై ఏండ్లు చుట్టిన. దమ్ము ఆగక ఇడిసిపెట్టిన. ఇంక నన్ను లెక్కల పట్టరా?"

నాకు జవాబు దొరకలేదు. ఆమె చెప్పినదానికి ఎపిడెమియాలజీలో, అంటే జబ్బులు జనంలో ఎలా ఉన్నాయో లెక్కగట్టే శాస్త్రంలో, పేరుంది, హెల్దీ వర్కర్ ఎఫెక్ట్ అంటారు. జబ్బు పడ్డవాళ్ళు పని మానేస్తారు, పనిలో ఉన్నవాళ్ళనే లెక్కేస్తే ఆ పని ఆరోగ్యంగానే కనిపిస్తుంది. పరీక్షలో దాని మీద ప్రశ్నకు సరిగ్గానే రాశాను, కానీ అరుగు మీద నా ఎదురుగా కూర్చుంటే గుర్తుపట్టలేదు. ఆ రాత్రి మేడమ్‌కు ఫోన్ చేశాం. సవరించిన ప్రోటోకాల్‌తో మళ్ళీ కమిటీకి వెళ్ళి, బీడీ పని మానేసినవాళ్ళనూ చేర్చాం. ఇంకో రెండు నెలలు పట్టింది. పట్టనివ్వండి. పేపర్‌లో నాకు బాగా ఇష్టమైన పేరా అదే.

రాసే పద్ధతికి స్ట్రోబ్ అనే చెక్‌లిస్టు ఉంది, అందులో 22 అంశాలుంటాయి. అది చివర్లో కాదు, మొదట్లోనే చదవండి. ఏం సేకరించడం మర్చిపోయారో ముందే తెలుస్తుంది. డేటాను ఇద్దరు విడివిడిగా ఎక్కించి పోల్చుకోండి, మాకు అలా చాలా తప్పులు దొరికాయి. లెక్కలకు మేం అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళ ఎపి ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాం. ఇంకో మాట, ఒకేసారి చేసిన సర్వేతో ఇది వల్లనే అది వచ్చిందని రాయకూడదు. మేం రాశాం, జర్నల్ తరఫున పేపర్ చదివి చూసే రివ్యూయర్ కొట్టేశారు. ఆయన కొట్టేసింది సరైనదే.

పేర్ల విషయం మొదటి రోజే కాగితం మీద తేల్చుకోండి. స్నేహాలు చెడేది ఇక్కడే. వైద్య జర్నళ్ళ ఎడిటర్ల కమిటీ ఐసీఎంజేఈ నియమం ప్రకారం ఆథర్ అనిపించుకోవాలంటే నాలుగూ చేసి ఉండాలి: పనిలో చెప్పుకోదగ్గ పాత్ర, రాయడంలోనో దిద్దడంలోనో చేయి, చివరి ప్రతికి ఒప్పుకోలు, తప్పులకు జవాబుదారీ. మాకు ఊరు కూడా చూడని ఒకరి పేరు చేర్చమని ఒత్తిడి వచ్చింది. విద్యార్థులకు కాదనడం ఎంత కష్టమో తెలుసు, మేమూ చాలా టెన్షన్ పడ్డాం. ముందే రాసుకున్న కాగితం చూపించి మేడమ్ మా తరఫున మాట్లాడారు.

ఇక మీకు వచ్చిన మెయిల్. నాకూ వచ్చేవి, 'గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి' అంటూ, అప్పుడు నేను మూడో సంవత్సరం! మా బ్యాచ్‌మేట్ ఒకరు అలాంటిదానికి డబ్బు కట్టారు. పేపర్ వారంలో వచ్చింది, ఏడాదిన్నరకు ఆ వెబ్‌సైటే లేదు. ఒకసారి అచ్చయింది కాబట్టి అదే పనిని ఇంకో జర్నల్‌కు పంపే దారి కూడా మూసుకుపోయింది. తెల్లవార్లూ కూర్చొని రాసిన పని అది. మంచి జర్నల్‌లోనూ ఫీజు ఉండొచ్చు, ఫీజు ఉందని మోసమనలేం. కానీ ఎవరూ చదివి ప్రశ్నించకుండా పది రోజుల్లో ఒప్పుకుంటామంటే అది జర్నల్ కాదు. జర్నల్‌ను గుర్తుపట్టడానికి ఇచ్చే ఐఎస్ఎస్ఎన్ నంబర్ ఉన్నంత మాత్రాన నాణ్యత ఉన్నట్టు కాదు. వైద్య పేపర్లు వెతికే వెబ్‌సైట్ పబ్‌మెడ్‌లో ఉన్నామని వాళ్ళు రాసుకుంటే మీరే పబ్‌మెడ్‌కు వెళ్ళి జర్నల్ పేరుతో వెతకండి. ఎవరైనా ఉచితంగా చదవగల ఓపెన్ యాక్సెస్ జర్నళ్ళయితే, వాటి జాబితా డీఓఏజేలో ఉందో లేదో చూడండి. మన దేశంలో ఇండియన్ జర్నల్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, ఇండియన్ జర్నల్ ఆఫ్ కమ్యూనిటీ మెడిసిన్ లాంటివి చదివితే అసలు పేపర్ ఎలా ఉంటుందో తెలుస్తుంది. మాది రెండు చోట్ల తిరస్కరించారు, మూడోచోట రెండుసార్లు దిద్దించి వేసుకున్నారు. ఊరికి వెళ్ళిన మొదటి రోజు నుంచి అచ్చులో చూసుకునేదాకా రెండేళ్ళకు పైనే.

మీరు ఇప్పుడు చేయగలిగింది చెప్తాను. ఫ్యామిలీ అడాప్షన్ ప్రోగ్రామ్ కింద మీరు ఎలాగూ ఊళ్ళో కుటుంబాల దగ్గరికి వెళ్తుంటారు. ఫారం లేకుండా నాలుగుసార్లు వెళ్ళి వినండి, ప్రశ్న అక్కడే దొరుకుతుంది. అది పట్టుకొని గైడ్‌తో, విద్యార్థుల పరిశోధన కోసం ఐసీఎంఆర్ నడిపే ఎస్‌టీఎస్‌కు దరఖాస్తు చేయండి. 1979 నుంచి నడుస్తున్న పథకం, రెండు నెలల పని, స్టైపెండ్ కూడా ఇస్తారు. ఎంపిక కాకపోయినా ప్రపోజల్ రాయడం వస్తుంది. ఇల్లిల్లూ తిరిగే వీలు లేకపోతే, ఇప్పటికే ఉన్న లెక్కలతోనూ మంచి ప్రశ్నలు వేయొచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5లో సిజేరియన్లు దేశమంతా కలిపి 21.5 శాతమైతే తెలంగాణలో 60.7 శాతం. మన జిల్లాల ఫ్యాక్ట్ షీట్లు తెరిచి చూడండి, అడగాల్సినవి చాలా ఉన్నాయి.

పేపర్ వచ్చాక దాన్ని ఒక పేజీ తెలుగులో రాసుకొని మేం ఊరికి తీసుకెళ్ళాం. పీహెచ్‌సీ డాక్టర్ గారూ వచ్చారు. ఆ అత్తగారి కోసం అడిగితే పెద్దపల్లిలో బిడ్డ దగ్గర ఉందన్నారు. కాగితం కోడలికిచ్చి, పని మానేసినవాళ్ళ గురించి రాసిన పేరా చదివి వినిపించి, ఫోన్లో అత్తకు కూడా చెప్పమన్నాను.

మీ ప్రశ్నల ఫారం తయారయ్యాక కింద కామెంట్లో పెట్టండి, చూస్తాను. ఏ మండలమో కూడా రాయండి. అక్కడ నడుమునొప్పిని, కళ్ళు తిరగడాన్ని ఏమంటారో ముందు కనుక్కోవాలి.