దెయ్యం కనిపించని రోజు ఆ అమ్మాయి ఏం చేస్తుంది?

టీనేజ్ పిల్లల కోసం రాసే దెయ్యాల ప్రేమకథల్లో అమ్మాయి పాత్ర ఎందుకు తేలిపోతుంది, ఆ ప్రేమ ఎందుకు నమ్మబుద్ధి కాదు అని అడిగారు. మీరూ అలాంటిదే రాస్తున్నానన్నారు కాబట్టి నాకు ఎదురైంది చెప్తాను.

నేనుండేది బెంగళూరు మారతహళ్లిలో. మా అక్క కూతురు పదో తరగతి. ఇద్దరం చర్చ్ స్ట్రీట్‌కి వెళ్లి సెకండ్ హ్యాండ్ పుస్తకాలు తెచ్చుకుంటాం. పోయినేడాది నా నవల మొదటి ప్రతి తనకే ఇచ్చాను. పీజీ హాస్టల్లో దిగిన కడప అమ్మాయి, ఆ గదిలో ఎప్పుడో చనిపోయిన కుర్రాడు. రెండు రోజుల్లో చదివేసి, "పిన్నీ, వాడు కనిపించని రోజు ఈ అమ్మాయి ఏం చేస్తుంది?" అంది. నా దగ్గర జవాబు లేదు. 180 పేజీల్లో ఆమె భయపడింది, ఎదురుచూసింది, ఏడ్చింది. అంతే.

2005లో వచ్చిన స్టెఫనీ మేయర్ నవల 'ట్వైలైట్' తీసుకోండి. అందులో హీరో ఎడ్వర్డ్ వాంపైర్, అంటే రక్తం తాగి బతికే పిశాచి. 1901లో పుట్టాడు, చూడటానికి 17 ఏళ్లవాడు. అతని మనసు హీరోయిన్ బెల్లా వైపు లాగడానికి మొదటి కారణాలు ఆమె రక్తం వాసన, ఆమె మనసులో మాట అతనికి వినపడకపోవడం. రెండూ ఆమె ప్రమేయం లేకుండా జరిగినవే. నేనూ దాన్ని ఏకబిగిన చదివాను, ఇప్పటికీ ఇష్టమే. కానీ అది చదివి రాయడం మొదలుపెట్టిన నాలాంటివాళ్లం ఆ ఆకర్షణ దగ్గరే ఆగిపోయాం.

మన శంతనుడి సంగతి చూడండి. తను ఏం చేసినా అడ్డు చెప్పకూడదని గంగ షరతు. ఏడుగురు బిడ్డల్ని నీటిపాలు చేసినా నోరు మెదపడు. ఎనిమిదో బిడ్డ దగ్గర ఇక తట్టుకోలేక ఆపుతాడు, ఆమెను పోగొట్టుకుంటాడు. ఆమెను ఎంత ప్రేమించాడో నాకు ఆ ఏడుసార్ల మౌనంలో తెలిసింది, ఎలాంటి మనిషో ఎనిమిదోసారి తెలిసింది.

అప్పుడు మళ్లీ రాశాను. అమ్మాయికి బ్యాంకు పరీక్ష కోచింగ్, రూమ్మేట్‌తో గొడవలు, ఇంటికి పంపాల్సిన డబ్బు పెట్టాను. కుర్రాణ్ని కన్నడవాణ్ని చేశాను. రాత్రి అతను నేర్పిన నాలుగు ముక్కలతో పొద్దున ఆమె ఆటోవాళ్లతో బేరమాడుతుంది, కుదరకపోతే కన్నడలో "బేడ" (వద్దు) అని ముందుకెళ్లిపోతుంది. అతను ఆ గడప దాటలేడు, అందుకని సాయంత్రం బయటి సంగతులన్నీ ఆమె నోటే వినాలి. అతను ఆ గదిలో ఉండగలిగే ఆఖరి రాత్రి ఆమె మెయిన్స్ పరీక్ష ముందు రోజు పడింది. సెంటర్ కర్నూల్లో. ఆమె బస్సెక్కింది. ఈ ఒక్క సన్నివేశానికి నాకు నెల పట్టింది.

ఆ పేజీ చదివి మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ రాత్రి వాడికి కబుర్లు ఎవరు చెప్తారు పిన్నీ?" అని అడిగింది.

మీరూ దెయ్యం అసలు లేని ఒక అధ్యాయం రాసి చూడండి. పుస్తకంలో పెట్టకపోయినా సరే.