పాలకొల్లు అమ్మాయి బొమ్మలు, టీషర్ట్ కంపెనీ ఆఫరు

ప్రశ్న: మాది పాలకొల్లు అండి. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, ఇంకా 18 నిండలేదు. బూట్ల మీద, హెల్మెట్ల మీద బొమ్మలేసి ఇన్‌స్టాలో పెడుతుంది, భీమవరంలో ఒక కేఫ్ గోడ కూడా వేసింది. ఇప్పుడొక టీషర్ట్ కంపెనీ వాళ్ళు కొలాబ్ చేద్దాం, అంటే కలిసి పనిచేద్దాం, కొత్తగా 6 బొమ్మలు వేసివ్వండి, 8 వేలు ఇస్తాం, అన్ని హక్కులూ మావే అంటున్నారు. వాళ్ళ నాన్నగారేమో బీటెక్ తప్ప ఇంకోటి వద్దంటున్నారు. అసలిది ఒక కెరీరేనా?

జవాబు: అమ్మా, ముందు ఆ కంపెనీ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే కాలేజీకి ఇంకా టైముంది గానీ వాళ్ళు సంతకం ఇప్పుడే అడుగుతారు. ఈ మాట మీద మాత్రం ఒప్పుకోకండి. 8 వేలు ఎక్కువా తక్కువా అన్నది తర్వాత, నాకు భయమేసింది "అన్ని హక్కులూ" అన్న దగ్గర. అలా రాసిచ్చేస్తే రేపు అవే బొమ్మలు బ్యాగుల మీద వేసుకున్నా, ఫోన్ కవర్ల మీద వేసుకున్నా, ఇంకో కంపెనీకి అమ్ముకున్నా మీకు రూపాయి రాదు, ఆఖరికి తన బొమ్మ తనే ఇంకో బూటు మీద వేసుకుంటానంటే కూడా వాళ్ళు అడ్డుపడొచ్చు.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. తన ఇష్టంతో తను వేసుకున్న బొమ్మకి ఓనరు తనే, రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. కానీ ఎవరైనా డబ్బిచ్చి కొత్తగా వేయించుకుంటే, వేరేగా రాసుకోకపోతే ఆ పెయింటింగ్‌కి మొదటి ఓనరు వేయించుకున్నవాళ్ళే అవుతారు, ఇది చాలామంది పిల్లలకి తెలీదండి. అందుకే కాగితం కావాలి. హక్కు రాసిచ్చేటప్పుడు ఎన్నేళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళు అనీ, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకూ అనీ చట్టమే అనుకుంటుంది. ఇంకోటి, 18 నిండలేదు గాబట్టి అమ్మాయి చేసిన అగ్రిమెంటు చెల్లదు, తన తరఫున మీరో వాళ్ళ నాన్నగారో చెయ్యాలి, చేసే ముందు తెలిసిన లాయరు గారికి ఒక్కసారి చూపించండి.

మీకు పక్కనే నరసాపురం ఉంది కదా. అక్కడి లేసు ఎన్నో దేశాలు వెళ్తుంది, 2024లో జీఐ ట్యాగ్, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అనే గుర్తింపు కూడా వచ్చింది, కానీ ఇంటి అరుగు మీద కూర్చుని కళ్ళు చెడగొట్టుకుని అల్లినావిడ పేరు ఆ ముక్క మీద ఎక్కడైనా చూశారా? ఇంతకి అల్లితే ఇంత అని కూలి ఇస్తారు, అంతే. మీ అమ్మాయి విషయంలో నేను ఇంత గట్టిగా చెప్పేది అందుకే, తన పేరు ట్యాగు మీద ఉండాలి, అమ్ముడైన ప్రతి షర్టుకీ ఎంతో కొంత వాటా రావాలి.

ఇక కెరీరేనా అంటే, అవునండి, కానీ నిదానంగా వచ్చేది. 1986లో కీత్ హేరింగ్ అనే ఆయన, న్యూయార్క్ సబ్‌వేలో చాక్‌పీసుతో బొమ్మలు గీసినాయన, తన బొమ్మల టీషర్టులు అమ్మడానికి సొంతంగా పాప్ షాప్ అని కొట్టు పెట్టాడు. 2003లో మురకామి అనే జపాన్ ఆర్టిస్టు లూయీ విటాన్ అనే ఖరీదైన బ్రాండు బ్యాగుల మీద రంగులు పోశాడు. కాస్ అనే ఇంకొకాయన యునిక్లో అనే బట్టల కంపెనీకి వేసిన టీషర్టుల కోసం 2019లో చైనాలో జనం షట్టరు పూర్తిగా లేవకముందే కింద నుంచి దూరి పరిగెత్తారు. ఈ కాస్ కథ వాళ్ళ నాన్నగారికి చెప్పండి: ఆయన ఆర్ట్ కాలేజీలో ఇలస్ట్రేషన్ డిగ్రీ చేశాడు, టీవీ కార్టూన్లకి వెనకాల సీనరీలు గీసే ఉద్యోగం చేశాడు, బస్‌స్టాపు పోస్టర్ల మీద తన బొమ్మ వేస్తూ పేరు తెచ్చుకున్నాడు, పెద్ద బ్రాండ్లు ఆ తర్వాతే వచ్చాయి. కేవలం కొలాబ్‌ల మీదే ఇల్లు గడుపుకునేవాళ్ళు తక్కువ, నెల జీతం ప్యాకేజింగ్, టెక్స్‌టైల్ ప్రింట్లు, యాప్ డిజైన్, యానిమేషన్ ఇలాంటివాటిలో వస్తుంది, పక్కన సొంత చెయ్యి పెరుగుతూ ఉంటుంది.

మన దేశంలో కూడా దారి పడింది, వీధి గోడల మీద బొమ్మలు వేయించే సంస్థ, 2014లో మొదలైన స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వాళ్ళు ఏషియన్ పెయింట్స్ తోడుతో ఢిల్లీ లోధీ కాలనీలో ఎన్నో గోడలు వేయించారు, హైదరాబాద్ మక్తాలో కూడా వేయించారు. అటు వెళ్ళినప్పుడు అమ్మాయిని తీసుకెళ్ళి చూపించండి.

గోడలంటే గుర్తొచ్చింది, ఆ కేఫ్ వాళ్ళు డబ్బిచ్చి వేయించుకున్నది కాకపోతే, ఆ గోడ ఫోటో ఎవరైనా ప్రకటనలో వాడితే ఊరుకోకండి. 2018లో హెచ్ అండ్ ఎమ్ అనే బట్టల కంపెనీ వాళ్ళు రెవోక్ అనే ఆర్టిస్టు గోడ మీద వేసిన గ్రాఫిటీ ముందు యాడ్ తీశారు, అతను నోటీసు పంపితే పర్మిషన్ లేకుండా వేసిన బొమ్మకి హక్కేంటని ఎదురు కేసు వేశారు, ఆర్టిస్టులంతా తిరగబడేసరికి వెనక్కి తీసుకున్నారు. మీ అమ్మాయి కేఫ్ ఓనరు ఒప్పుకున్నాకే వేసింది గాబట్టి తన మాటకి ఇంకా బలముంటుంది, కాకపోతే ఆ ఒప్పుకున్నది వాట్సాప్ మెసేజ్‌లోనైనా ఉంచుకోండి. అలాగే కంపెనీ బూట్ల మీద బొమ్మలేసి అమ్మేటప్పుడు ఆ కంపెనీతో కలిసి చేసినట్టు కనపడకూడదు, 2021లో నైకీ బూట్లు మార్చి అమ్మిన ఎంఎస్‌సీహెచ్‌ఎఫ్ అనే ఆర్ట్ గ్రూపు మీద నైకీ కేసు వేసింది.

చదువు సంగతి. నా ఓటు బీడిజైన్‌కే, అంటే డిజైన్ డిగ్రీకే. యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట్ల సీటుంటుంది, ఏ గ్రూపు వాళ్ళైనా రాయొచ్చు, కానీ వరసగా రెండేళ్ళే, జనవరిలో జరుగుతుంది. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్, అదే ఎన్‌ఐడీకి డాట్ అనే పరీక్ష రాయాలి, ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ మన రాష్ట్రంలోనే ఉంది. ఫ్యాషన్ కాలేజీ నిఫ్ట్‌కి వేరే పరీక్ష. బీఎఫ్‌ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ అయితే విశాఖ ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాద్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ అనే యూనివర్సిటీ ఉన్నాయి. ఎంపీసీ చదివిన పిల్లకి యూసీడ్‌లో లెక్కలు, ఆకారాల ప్రశ్నలు కలిసొస్తాయి, నాన్నగారు ఇంటర్ వేస్ట్ అయిందని బాధపడక్కర్లేదు.

అమ్మాయికి ఒక్క మాట. ఇన్‌స్టాలో అందరూ వేసే జపాన్ కార్టూన్లు, హీరోల మొహాలు తగ్గించమ్మా, అవి వేరేవాళ్ళ సొత్తు, పైగా ఆ చెయ్యి ఎవరిదో తెలీదు. కొబ్బరి దింపులు, చేపల చెరువులు, రేవులో పంటు, లారీల వెనక అక్షరాలు, సంక్రాంతి పందెం కోళ్ళు, ఇవన్నీ నీ చుట్టూ ఉన్నాయి, ముంబైలో కూర్చున్నోడికి నీ అంత బాగా రావు. రాజమండ్రి వెళ్తే చిత్రకారుడు దామెర్ల రామారావు గారి గ్యాలరీ చూడు, 28 ఏళ్ళు నిండకుండానే 1925లో పోయినాయన ఎంత పని చేశాడో తెలుస్తుంది.

కంపెనీకి ఇలా రాయండమ్మా: "6 బొమ్మలు టీషర్టుల మీద మాత్రమే, ఇండియాలో, 2 ఏళ్ళకి వాడుకోండి. కొత్తగా వేసినవైనా కాపీరైట్ మా అమ్మాయిదే. ట్యాగు మీద పేరు వెయ్యాలి. 8 వేలు అడ్వాన్సు, అమ్మిన ప్రతి షర్టుకీ వాటా, లెక్క 3 నెలలకోసారి చూపించాలి." ఒప్పుకుంటే కూర్చుని మాట్లాడండి. ఒప్పుకోకపోతే ఆ టైములో యూసీడ్ పాత పేపర్లు ప్రాక్టీసు చెయ్యమనండి.