ప్రాణాయామంతో మనసు నిజంగా కుదుటపడుతుందా? హుషారు వస్తుందా?

నా అనుభవంలో రెండూ జరిగాయి. కానీ మీరు రాసిన ఇబ్బంది, రాత్రిళ్ళు దడ వచ్చినప్పుడు కళ్ళు మూసుకుని అంకెలు లెక్కపెడుతూ కూర్చుంటే అది ఇంకా పెరగడం, చాలామందికి ఉండేదే. ముందు ఆ లెక్క మానేయండి. పీల్చడం సంగతి వదిలేసి, గాలి వదలడం మీద ధ్యాస పెట్టండి.

నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. సాయంత్రానికి గొంతు బొంగురుపోయి, భుజాలు బిగుసుకుపోయేవి. రాత్రి పడుకున్నా బుర్రలో క్లాసులు నడుస్తూనే ఉండేవి. నాకు దారి దొరికింది మా అమ్మమ్మ చేసే విష్ణు సహస్రనామ పారాయణలో. ఆవిడ ఒక్క ఊపిరికి అర శ్లోకం చదివేది. అది అనుష్టుప్ ఛందస్సు, అందులో శ్లోకానికి 32 అక్షరాలు కాబట్టి అర శ్లోకమంటే 16 అక్షరాలు. తొందరపడకుండా చదివితే అంతసేపూ గాలి సన్నగా బయటికి పోతూనే ఉంటుంది, తర్వాత ఊపిరి దానంతటదే పొట్ట దాకా దిగుతుంది. ఆవిడ పక్కన కూర్చుని గొంతు కలుపుతూ పోయాక నాకు నిద్ర పట్టడం మొదలైంది.

2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇటలీకి చెందిన లూచియానో బెర్నార్డి బృందం ఇలాంటి విషయమే ప్రచురించింది. క్రైస్తవుల జపమాల ప్రార్థన లాటిన్‌లో చదివినా, ‘ఓం మణి పద్మే హుం’ జపించినా ఊపిరి నిమిషానికి 6 సార్లకు దగ్గరగా వచ్చింది. మామూలుగా పెద్దవాళ్ళకి అది 12 నుంచి 20 దాకా ఉంటుంది. దేవుడి మీద నమ్మకం లేకపోతే పద్యమైనా చదవండి, భ్రామరి ప్రాణాయామంలో లాగా ‘మ్‌’ అని తుమ్మెద నాదమైనా చేయండి. పని చేసేది ఆ పొడవాటి నిశ్వాసమే.

మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూడండి. పీల్చేటప్పుడు కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నిదానంగా కొట్టుకోవడం చాలామందికి చేతికి తెలుస్తుంది. వదిలే సమయంలో, మెదడు నుంచి గుండెకి వచ్చే వేగస్ అనే నరం గుండెను నెమ్మదింపజేస్తుంది.

ఇక హుషారు. గబగబా ఊపిరి తీస్తే ఒంట్లోకి ఆక్సిజన్ పోటెత్తుతుందని కొందరు చెప్తారు, నేను ఒప్పుకోను. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తం, తను మోయగలిగిన ఆక్సిజన్‌లో మామూలుగానే 95 శాతం పైన మోస్తూ ఉంటుంది. వేగంగా ఊదితే కార్బన్ డయాక్సైడ్ పడిపోయి, మెదడుకి వెళ్ళే రక్తనాళాలు కుంచించుకుపోతాయి. తల తిరగడం, వేళ్ళు జివ్వుమనడం అందుకే. దాన్ని శక్తి అనుకోవద్దు. నాకు ఓపిక పెరిగింది నిద్ర వల్ల, భుజాల బిగువు తగ్గడం వల్ల. ఇప్పుడు చివరి పీరియడ్‌లో కూడా వెనక బెంచీ దాకా గొంతు వెళ్తోంది.

గబగబా ఊపిరి ఊదే కపాలభాతి, భస్త్రిక ప్రాణాయామాలు యూట్యూబ్ చూసి మొదలుపెట్టకండి. బీపీ, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవాళ్ళు, గర్భిణులు వాటి జోలికి పోకపోవడమే మంచిది. ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్ మానకూడదు.

మీకు దడ రాత్రిళ్ళు వస్తోందన్నారు కాబట్టి, పక్క మీదికి చేరాక వెల్లకిలా పడుకుని పొట్ట మీద చెయ్యి వేసుకుని, శ్లోకమో పద్యమో పెదవులు కదిలేంత మెల్లగా చదువుకోండి. దడతో పాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్ళు తిరగడం ఉంటే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి వెంటనే డాక్టరుకి చూపించుకోండి.