మన కంప్యూటర్‌లో నడిచే యాక్సెస్ ప్రోగ్రామ్ పక్క కంప్యూటర్‌లో ఎందుకు మొరాయిస్తుంది?

ప్రశ్న: మా ఎరువుల దుకాణం కోసం మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో బిల్లింగ్ ప్రోగ్రామ్ తయారు చేశాను. రోజువారీ జాబితాను అది ఎక్సెల్‌లోకి కూడా పంపుతుంది. డేటా ఫైల్ షేర్డ్ ఫోల్డర్‌లో ఉంది. ప్రోగ్రామ్ ఫైల్‌ను మరో రెండు కంప్యూటర్లలోకి కాపీ చేస్తే, ఒకదానిలో మామూలు ‘డేట్’ ఫంక్షన్ దగ్గరే ‘ప్రాజెక్టు లేదా లైబ్రరీ దొరకలేదు’ అంటోంది. రెండోదానిలో తెరుచుకుంటోంది గానీ బిల్లు సేవ్ కావడం లేదు. ఆఫీస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా?

జవాబు: అక్కర్లేదు. ఈ రెండింటికీ కారణాలు వేర్వేరు.

మొదటి కంప్యూటర్‌లో ‘డేట్’ ఫంక్షన్‌కు ఏ లోపమూ లేదు. మీ ప్రోగ్రామ్ ఆధారపడిన లైబ్రరీల్లో (సిద్ధంగా ఉండే కోడ్ ఫైళ్లలో) ఏ ఒక్కటి దొరక్కపోయినా కోడ్ కంపైల్ కాదు (నడవడానికి సిద్ధం కాదు), అప్పుడు ‘డేట్’, ‘లెఫ్ట్’, ‘ట్రిమ్’ వంటి ఫంక్షన్ల దగ్గర ఎర్రర్ కనిపిస్తుంది. అందుకే ఈ సందేశాన్ని నమ్మి ఆ లైన్‌ను సరిదిద్దడానికి కూర్చుంటే సమయం వృథా. ఆ కంప్యూటర్‌లోనే ఆల్ట్, ఎఫ్11 కలిపి నొక్కి, టూల్స్ మెనూలోని రిఫరెన్సెస్ (ప్రోగ్రామ్ వాడే లైబ్రరీల జాబితా) తెరిస్తే ‘మిస్సింగ్’ అన్న వరుస కనిపిస్తుంది. మీ విషయంలో అది ఎక్సెల్ లైబ్రరీయే అయి ఉండవచ్చు. మీ దగ్గర ఎక్సెల్ 2016 లేదా ఆ తర్వాతిది ఉంటే రిఫరెన్స్ 16.0 వెర్షన్‌కు ముడిపడుతుంది. పాత ఆఫీస్ ఉన్న కంప్యూటర్‌లో అది దొరకదు. పాతదానిలో తయారైన ఫైల్‌ను కొత్త ఆఫీస్ తనంతట తాను సర్దుకుంటుంది కానీ, కొత్తదాన్ని పాతది సర్దుకోలేదు.

దీనికి నేను సూచించే మార్గం ఆ రిఫరెన్స్‌ను పూర్తిగా తీసేయడమే. ఎక్సెల్ వేరియబుల్స్‌ను ‘ఆబ్జెక్ట్’గా ప్రకటించి, ‘క్రియేట్‌ఆబ్జెక్ట్’తో ఎక్సెల్‌ను పిలిస్తే వెర్షన్ గొడవ ఉండదు. అయితే ‘ఎక్స్ఎల్‌అప్’ వంటి ఎక్సెల్ స్థిరాంకాల పేర్లు ఇక పనిచేయవు కాబట్టి వాటి అంకెలు (దీనికి -4162) మీరే రాయాలి. మాడ్యూల్ మొదట్లో ‘ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్’ (ప్రతి వేరియబుల్‌ను ముందే ప్రకటించాలన్న ఆదేశం) లేకపోతే ఆ పేర్లు ఖాళీ వేరియబుల్స్‌గా చెలామణి అయి మరింత తికమక పెడతాయి.

రెండో కంప్యూటర్ సమస్య అనుమతులది. డేటా ఫైల్ పక్కనే యాక్సెస్, దాన్ని ఎవరెవరు వాడుతున్నారో గుర్తుంచుకునే ఒక లాక్ ఫైల్‌ను (ఎల్ఏసీసీడీబీ) సృష్టిస్తుంది. కాబట్టి వాడేవారికి ఆ ఫైల్ మీదే కాక ఫోల్డర్ మొత్తం మీద ‘మాడిఫై’ అనుమతి ఉండాలి, అదీ షేరింగ్‌లోనూ సెక్యూరిటీలోనూ రెండుచోట్లా. అది లేకపోతే చదవడం వరకే సాధ్యమవుతుంది. లింక్ చేసిన టేబుళ్లకు (ప్రోగ్రామ్ ఫైల్ నుంచి డేటా ఫైల్‌కు ముడిపెట్టినవాటికి) ‘జడ్’ వంటి డ్రైవ్ అక్షరం బదులు సర్వర్ పేరుతో మొదలయ్యే పూర్తి నెట్‌వర్క్ మార్గాన్ని ఇవ్వండి.

మున్ముందు ఫైల్‌ను ఏసీసీడీఈగా (కోడ్‌ను ఇతరులు చూడలేని, మార్చలేని రూపంలోకి) మార్చి పంచుతారనుకుంటే, 64-బిట్ యాక్సెస్‌లో తయారైనది 32-బిట్‌లో తెరుచుకోదని గుర్తుంచుకోండి. ఆఫీస్ 2019 నుంచి డిఫాల్ట్‌గా 64-బిట్టే ఇన్‌స్టాల్ అవుతుంది, పాత కంప్యూటర్లలో ఎక్కువగా 32-బిట్ ఉంటుంది.

యాక్సెస్ కొనకుండా ఉచిత రన్‌టైమ్ (తయారైన ప్రోగ్రామ్‌ను నడపడానికి మాత్రమే పనికొచ్చే యాక్సెస్) మీద నడపదలిస్తే మరో జాగ్రత్త అవసరం. కోడ్‌లో పట్టుకోని ఎర్రర్ వచ్చిందంటే రన్‌టైమ్ ప్రోగ్రామ్‌నే మూసేస్తుంది, డీబగ్ అవకాశం ఇవ్వదు. పంచే ముందు ఫైల్ కాపీ ఒకటి తీసి, ఎక్స్‌టెన్షన్‌ను ఏసీసీడీఆర్‌గా మార్చి మీ కంప్యూటర్‌లోనే తెరవండి. రన్‌టైమ్‌లో ఎలా ఉంటుందో అక్కడే తెలుస్తుంది.